లోపలి గడియారం

పోచమ్మమైదాన్‌ల విత్తనాల దుకాణం పైన
ఇరుకు మెట్లెక్కితే మా షాపు.
ఇప్పుడన్నీ ఫ్లెక్సీలే.
పుట్టినరోజులు, పదవులు, దశదినకర్మలు,
వానకు తడిసినా తుడిచిపోని మొఖాలు.

ఆమె ఊపిరి తీసుకొని చెప్పింది:
"ఇక్కడ్నే కొట్టిచ్చినం పెండ్లికార్డు.
రెండువేల ఒకటి, మార్చి నాలుగు.
సింగరేణి పింఛనోళ్లు
పెండ్లయినట్టు రుజువు అడుగుతున్నరు."

యాకూబ్ సారు పోతూ పోతూ అప్పజెప్పిన డబ్బాల
సీడీ దొరికింది, ఫైలు దొరికింది.
తెరిస్తే తెలుగు లేదు.
ఇంగ్లీషు పొట్టు, తోకలు, డాలరు గుర్తులు.
అప్పటి మన అక్షరాలు
ఇంగ్లీషు మీటల కింద ముసుగేసుకొని బతికినయ్.
ఆ ముసుగు తీసే ఫాంటు
ఈ కొత్త యంత్రం మొఖం గుర్తుపట్టది.

అందుకే దీని కడుపుల ఇంకొకటి పెట్టుకున్న.
విండోస్ తొంభై ఎనిమిది.
కిటికీల కిటికీ.
మబ్బుల బొమ్మ వచ్చి పోతది,
నెమలిరంగు తెర పరుచుకుంటది.
అరవై నాలుగు ఎంబీలే తన ఆస్తి అనుకుంటది,
లేని డిస్కు గిరగిర తిరుగుతున్నదని నమ్ముతది.
చుట్టమై వచ్చింది, ఇల్లు తనదే అంటది.
నేనెందుకు చెప్త?

ఒక్కటే తిప్పలు.
ఫాంటు లైసెన్సు ఆ ఏడు ఫిబ్రవరితో తీరుతది.
కాబట్టి తెరిచినప్పుడల్లా
లోపలి గడియారాన్ని పన్నెండో తారీకుకు తిప్పుత.
బయట కరోనా వచ్చి పోయింది,
షాపు ముంగట రోడ్డు రెండుసార్లు తవ్విన్రు.
లోపల
ఎప్పుడూ ఫిబ్రవరి పన్నెండు.

కార్డు తెరుచుకున్నది.
వినాయకుడు, అరటిచెట్లు,
చి.ల.సౌ. సారలత, చి. ఐలయ్య.
"అచ్చం ఇదే" అని తెర ముట్టుకున్నది.
ముట్టుకున్న వేలు పక్కకు జరిగి
పేజీ బయట ఆగింది.

పేజ్‌మేకర్‌ల పేజీ చుట్టూ తెల్లటి వాకిలుంటది.
వద్దన్నవి అక్కడ పడేస్తం.
అచ్చుకు రావు, చెరిగీ పోవు.
సారు చాయ్ లెక్క అక్కడున్నది,
వేరే ఎవరి పెండ్లిదో కలశం,
దాని పక్కన ఒక ముక్క:
గుండెబోయిన ఓదెలు.

"మా అన్న.
బోరు మోటరు కాడ పంచాయితయింది.
నాయిన ఇగో ఈడ్నే కూసోని తీసేయించిండు.
పేరు లేకున్నా వచ్చిండు.
తెల్లారగట్ల నుంచి వంట కాడ కట్టెలు కొట్టిండు.
తినకుంట పోయిండు."

కింద ఎవరో పత్తి గింజల ధర మీద గొడవ పడుతున్నరు.

"అది లోపటికొస్తదా?"

ముందు ఉన్నదున్నట్టు ఒకటి తీసిన.
ఆఫీసుకు అదే పోవాలె.
తర్వాత మౌసుతో పేరును పట్టి గీత దాటించిన.
ఎత్వం కొంచెం పక్కకు పోయింది, సర్దిన.
ఆహ్వానించువారి కింద
కట్టయ్య, లచ్చమ్మ
ఒక వరుస పైకి జరిగి జాగిచ్చిన్రు.

లోపలిదానికి ప్రింటరు కనబడది.
తెర ఫొటోలు తీసి బయటికి తెచ్చి
మందపు కాయితం మీద కొట్టిచ్చిన.
ఇరవై అంటే యాభై పెట్టి మెట్లు దిగింది.
పింఛను కాపీ మరిచిపోయి
మళ్లెక్కి వచ్చి తీసుకపోయింది.

మూసేటప్పుడు అది అడిగింది,
మార్పులు దాచాలా అని.
ఎప్పుడూ వద్దంట.
పాతది పాతదోలె ఉండాలె, ఇది సారు మాట.
ఈసారి సరే అన్న.

ఫైలు పక్కన తేదీ పడ్డది:
ఫిబ్రవరి పన్నెండు, రెండువేల ఒకటి,
పొద్దున పదకొండున్నర.

పెండ్లి ఇంక ఇరవై దినాలున్నది.
కార్డులు ఎవరికీ పంచలే.